ట్రాక్ తెలుసు, స్టీరింగ్ తెలీదు: సిమ్ రేసింగ్ క్వాలిఫయర్స్ కథ

ఈరోజు ఎపిసోడ్ బెలుం గుహల బయట, పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర షూట్ చేస్తున్నాం. రేసింగ్ గేముల గురించి చెప్పడానికి కొలిమిగుండ్ల మండలం దాకా ఎందుకు రావాలి అంటారేమో. దానికి కారణం ఉంది, మధ్యలో చెప్తాను.

ముందు ఒక మెసేజ్ గురించి. ఆళ్లగడ్డ నుంచి ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, నా ఫ్రెండ్ ఇంట్లో ఉన్న స్టీరింగ్ మీద ఆరు నెలలు ప్రాక్టీస్ చేశా. ఒక సిటీలో మాల్‌లో రేసింగ్ క్వాలిఫయర్ పెట్టారని బస్సెక్కి పోయినా. ట్రాక్ అదే, కారు అదే. కానీ అక్కడి స్టీరింగ్, పెడల్స్ వేరే. ఇంట్లో కొట్టే టైం కంటే రెండు సెకన్లు స్లో వచ్చింది. ఇంటికి పంపించేశారు. నాకు టాలెంట్ లేదా, లేక మెషిన్ తేడానా?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ ఎపిసోడ్. ఇది ఆ తమ్ముడి ఒక్కడి సమస్య కాదు. సిమ్ రేసింగ్ పోటీలు మొదలైన దగ్గర్నుంచీ ఉన్న సమస్యే. చరిత్ర చూస్తే సమాధానం దొరుకుతుంది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. సిమ్ రేసింగ్ అంటే మామూలు కార్ గేమ్ కాదు. టైరు పట్టు, బ్రేకు వేడి, ట్యాంకులో పెట్రోల్ బరువు అన్నీ లెక్కగట్టి, నిజం కారు ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించేలా తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మీద రేస్ చేయడం. క్వాలిఫయర్ అంటే ఇచ్చిన టైంలో ఒక్క ల్యాప్ ఎంత ఫాస్ట్‌గా కొట్టగలవో చూసి, పైనున్న కొద్దిమందిని తర్వాతి రౌండుకి తీసుకోవడం. ఇక్కడ తేడాలు సెకన్లలో ఉండవు, సెకనులో పదో వంతు, వందో వంతు. అలాంటి చోట రెండు సెకన్లు అంటే ఆట అయిపోయినట్టే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1976కి.

ఆ ఏడాది అటారీ కంపెనీ 'నైట్ డ్రైవర్' అనే ఆర్కేడ్ మెషిన్ తెచ్చింది. నల్లటి స్క్రీన్, రోడ్డుకి రెండు వైపులా తెల్లటి చుక్కలు, ముందు ఒక స్టీరింగ్. అంతే. 1982లో నామ్కో కంపెనీ 'పోల్ పొజిషన్' తెచ్చింది. జపాన్‌లోని ఫుజీ స్పీడ్‌వే ట్రాక్ మీద నడిచే గేమ్ అది. అందులో ఒక గొప్ప ఆలోచన ఉంది. రేస్ మొదలవ్వాలంటే ముందు ఒక క్వాలిఫయింగ్ ల్యాప్ టైం లోపల పూర్తి చేయాలి. చేయకపోతే రేసే లేదు, నాణెం పోయినట్టే. అంటే మనం ఈరోజు మాట్లాడుకుంటున్న క్వాలిఫయర్ అనే ఆట నలభై ఏళ్ల కిందే ఆర్కేడ్‌లో ఉంది.

1989లో మళ్లీ అటారీ 'హార్డ్ డ్రైవిన్' తెచ్చింది. దానికి క్లచ్ పెడల్ ఉంది, గేర్ రాడ్ ఉంది, స్టీరింగ్ చేతిని వెనక్కి తోసేది కూడా. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటాం. టైరు రోడ్డు మీద ఏం చేస్తోందో స్టీరింగ్ ద్వారా చేతికి చెప్పడం.

ఈ ఆర్కేడ్ రోజుల్లో ఒక విషయం గమనించండి. మెషిన్ ఆడేవాడిది కాదు, షాపువాడిది. ఒక షాపులో స్టీరింగ్ వదులుగా ఉంటుంది, ఇంకో షాపులో బిగుతుగా ఉంటుంది. ఒకచోట బ్రేక్ పెడల్ సగం విరిగి ఉంటుంది. ఎవడికీ సొంత మెషిన్ లేదు కాబట్టి ఎవడూ "నా స్టీరింగ్ కాదు" అని కంప్లయింట్ చేసేవాడు కాదు. ఏ మెషిన్ దొరికితే దానికి రెండు నాణేల్లో అలవాటు పడటమే ఆట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

తర్వాత ఆట ఇంటికి వచ్చింది. 1989లోనే పాపిరస్ అనే అమెరికన్ స్టూడియో 'ఇండియానాపొలిస్ 500: ది సిమ్యులేషన్' అని కంప్యూటర్ మీద తీసుకొచ్చింది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ప్లేస్టేషన్ మీద 'గ్రాన్ టూరిస్మో' వచ్చింది. 2006లో లాజిటెక్ జి25 స్టీరింగ్ వచ్చింది, 900 డిగ్రీలు తిరిగేది, క్లచ్‌తో కలిపి మూడు పెడల్స్. 2008లో 'ఐరేసింగ్' మొదలైంది. పాపిరస్ పెట్టినవాళ్లలో ఒకరైన డేవ్ కేమర్ దీన్ని మొదలుపెట్టినవాళ్లలోనూ ఒకరు. ఇక ఇంట్లో కూర్చుని ప్రపంచంలో ఎవరితోనైనా రేస్ చేయొచ్చు.

ఇక్కడే మన కథలో మలుపు. మెషిన్ సొంతం అయింది. రోజూ అదే సీటు, అదే స్టీరింగ్, అదే బ్రేకు. వేల ల్యాపులు. అప్పుడు మన బుర్ర కన్నా ముందు మన కాలు నేర్చుకుంటుంది. "150 మీటర్ల బోర్డు దగ్గర బ్రేక్ కొట్టాలి" అనేది తల గుర్తుపెట్టుకుంటుంది. కానీ "ఎంత గట్టిగా కొట్టాలి" అనేది కాలు గుర్తుపెట్టుకుంటుంది. తల నేర్చుకున్నది ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. కాలు నేర్చుకున్నది మాత్రం ఆ ఒక్క పెడల్‌కే సరిపోతుంది.

ఫ్రెండ్ బండి అడిగి తీసుకున్నప్పుడు మీకు జరిగేదే ఇది. రోడ్డు మీకు తెలుసు, బండి తోలడం తెలుసు. కానీ వాడి క్లచ్ కాస్త పైన పట్టుకుంటుంది, మొదటి సిగ్నల్ దగ్గరే బండి ఆఫ్ అవుతుంది, వెనకాల ఆటో అన్న హారన్ కొడతాడు. రెండు కిలోమీటర్లు పోయాక సెట్ అవుతారు. క్వాలిఫయర్‌లో బాధ ఏమిటంటే, ఆ రెండు కిలోమీటర్లకే స్టాప్‌వాచ్ పెడతారు.

ఇప్పుడు అసలు పోటీలకి వద్దాం. 2023లో వచ్చిన 'గ్రాన్ టూరిస్మో' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అది జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడి నిజ జీవితం ఆధారంగా తీసింది. వెనక ఉన్న కార్యక్రమం పేరు జీటీ అకాడమీ. నిస్సాన్, సోనీ ప్లేస్టేషన్ కలిసి 2008లో మొదలుపెట్టాయి. గేమ్ బాగా ఆడేవాడిని నిజం రేస్ కారులో కూర్చోబెడితే ఏమవుతుంది అన్నది ప్రశ్న. మొదటి ఏడాదే పాతిక వేల మందికి పైగా పోటీ పడ్డారు. గెలిచింది లూకాస్ ఒర్డోనెజ్ అనే స్పెయిన్ కుర్రాడు, అప్పటికి ఎంబీఏ చదువుతున్నాడు. మూడేళ్లలో, 2011లో, ఆయన లె మాన్స్ 24 గంటల రేసులో ఎల్ఎంపీ2 క్లాసులో రెండో స్థానంలో పోడియం ఎక్కాడు. అదే 2011లో దాదాపు 90 వేల మందిని దాటి మార్డెన్‌బరో గెలిచాడు. 2014లో ఈ కార్యక్రమం ఇండియాకి కూడా వచ్చింది.

జీటీ అకాడమీలో పద్ధతి చూడండి. మొదట గేమ్‌లో టైం కొట్టాల్సి ఉండేది. అక్కడ గెలిచినవాళ్లని ఒకచోటికి పిలిచి, నిర్వాహకులు పెట్టిన సీట్లలో, వాళ్ల స్టీరింగుల మీద, అందరి ముందు మళ్లీ ఆడించేవాళ్లు. ఆ తర్వాత నిజం కారు. అంటే ప్రతి మెట్టు దగ్గరా చేతిలో ఉన్న వస్తువు మారేది. ఇంట్లో కొట్టిన టైంకి అక్కడ విలువ ఉండేది కాదు. ఎంత త్వరగా కొత్తదానికి అలవాటు పడతావన్నదే లెక్క. అడగకుండానే ఆ పరీక్ష పెట్టేశారన్నమాట.

2017 నవంబర్‌లో మెక్‌లారెన్ కంపెనీ ఆ పరీక్షని అడిగి మరీ పెట్టింది. పోటీ పేరు 'వరల్డ్స్ ఫాస్టెస్ట్ గేమర్'. పన్నెండు మంది ఫైనలిస్టులని ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో ఉన్న తమ హెడ్డాఫీసుకి పిలిచారు. ఒకే గేమ్ మీద ఆడించలేదు. రకరకాల గేములు, రకరకాల సిమ్యులేటర్లు, పైగా శరీరానికి, బుర్రకి పరీక్షలు. గెలిచింది రూడీ వాన్ బ్యూరెన్, నెదర్లాండ్స్‌లో సేల్స్ మేనేజర్‌గా పనిచేస్తున్న మనిషి. ఆయనకి వచ్చిన బహుమతి మెక్‌లారెన్ ఫార్ములా వన్ టీమ్‌లో సిమ్యులేటర్ డ్రైవర్ ఉద్యోగం. ఆలోచించండి, కంపెనీకి ఎందుకు అలాంటి మనిషి కావాలి? వాళ్ల సిమ్యులేటర్‌లో కారు సెట్టింగులు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మారుతుంటాయి. మారిన వెంటనే అర్థం చేసుకుని, "ఇది బాగుంది, ఇది బాలేదు" అని చెప్పగలగాలి. ఒకే సెట్టింగ్‌కి అలవాటు పడ్డ ఛాంపియన్ వాళ్లకి పనికిరాడు.

అదే 2017 జనవరిలో లాస్ వేగస్‌లో ఇంకో కథ జరిగింది. ఫార్ములా ఈ అంటే ఎలక్ట్రిక్ కార్ల ప్రపంచ రేసింగ్ సిరీస్, మీకు తెలుసు. వాళ్లు 'వేగస్ ఈరేస్' అని పెట్టారు. మొత్తం ప్రైజ్ మనీ పది లక్షల డాలర్లు. ఒకవైపు 20 మంది నిజమైన ఫార్ములా ఈ డ్రైవర్లు, ఇంకోవైపు ఆన్‌లైన్ క్వాలిఫయర్స్ ద్వారా వచ్చిన పదిమంది సిమ్ రేసర్లు. అందరికీ ఒకేలాంటి సీట్లు, ఒకేలాంటి స్టీరింగులు, స్టేజీ మీద. ఫిన్లాండ్‌కి చెందిన ఒల్లీ పాకాలా ముందుగా గీత దాటాడు. కానీ గెలుపు ఆయనది కాలేదు. ఫ్యాన్‌బూస్ట్ అని అభిమానుల ఓట్లతో దొరికే అదనపు పవర్ ఒకటి ఉండేది. సాఫ్ట్‌వేర్ లోపం వల్ల అది ఆయనకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ దొరికింది. రేస్ అయ్యాక 12 సెకన్ల పెనాల్టీ వేశారు, మూడో స్థానానికి పడిపోయాడు. నెదర్లాండ్స్‌కి చెందిన బోనో హాయిస్ విజేత అయ్యాడు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, లైవ్ ఈవెంట్‌లో మెషిన్ నీది కాదు, సరే. కానీ మెషిన్ తప్పు చేస్తే ఫలితం మాత్రం నీదే అవుతుంది. ఇంట్లో అలాంటిది జరిగితే రీస్టార్ట్ కొడతాం. స్టేజీ మీద రీస్టార్ట్ ఉండదు.

మరి కొత్త వస్తువు మీద సిమ్ రేసర్లు ఎప్పుడూ ఓడిపోతారా? లేదు. 2019 జనవరి, మెక్సికో సిటీ. 'రేస్ ఆఫ్ ఛాంపియన్స్' అనే పోటీ. అక్కడ కార్లన్నీ నిర్వాహకులవే, ఎవరూ సొంత కారు తెచ్చుకోరు. ఇటలీకి చెందిన ఎంజో బొనీటో అనే సిమ్ రేసర్, ఫార్ములా ఈ మాజీ ఛాంపియన్ లూకాస్ డి గ్రాసీని ఓడించాడు. గేమ్‌లో కాదు, నిజం కారులో, నిజం ట్రాక్ మీద. ఇండీకార్ మాజీ ఛాంపియన్ రయాన్ హంటర్ రేని కూడా ఓడించాడు. చేతిలో ఉన్నది మారినా, చూడాల్సింది ఏమిటో ఆయనకి తెలుసు.

ఒకే రకం కార్లు ఇచ్చి పోటీ పెట్టడం కూడా కొత్తదేం కాదు. అమెరికాలో 1973లోనే 'ఇంటర్నేషనల్ రేస్ ఆఫ్ ఛాంపియన్స్' అని మొదలుపెట్టారు. పెద్ద పెద్ద డ్రైవర్లందరికీ ఒకేలాంటి పోర్షా కార్లు. మొదటి విజేత మార్క్ డొనహ్యూ. "కారు వల్ల గెలిచాడు" అనే మాట రాకూడదన్నది వాళ్ల ఉద్దేశం.

సరే, ఇప్పుడు బెలుంకి వద్దాం. ఎందుకు ఇక్కడ షూట్ చేస్తున్నామో చెప్తానన్నా కదా.

పోటీ ఏదైనా రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి దారి, రెండోది చేతిలో ఉన్న సామాను. ఈ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహ పరిశోధకులు వచ్చి, లోపలికి దిగి, కొలిచి మ్యాపు గీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో జనానికి తెరిచారు. ఆ పరిశోధకుల పరిస్థితి చూడండి. దారి పూర్తిగా కొత్త. కానీ సామాను మాత్రం వాళ్లదే, లైట్లూ తాళ్లూ అన్నీ అలవాటైనవే. కొత్త దారిని పాత సామానుతో పట్టుకున్నారు. మన ఆళ్లగడ్డ తమ్ముడి పరిస్థితి సరిగ్గా తిరగేసి ఉంది. దారి కళ్లు మూసుకున్నా తెలుసు, సామాను కొత్త.

ఈ రెండింట్లో ఏది కష్టం? హైదరాబాద్ ఉదాహరణ తీసుకుందాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది, గుర్తుందా? సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. అక్కడ ఫార్ములా ఈ అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మరి డ్రైవర్లు ఎలా సిద్ధమయ్యారు? సిమ్యులేటర్‌లో. ప్రతి టీమ్‌కి సొంత సిమ్యులేటర్ ఏర్పాటు ఉంటుంది, దాంట్లో తమ కారుకి తగ్గట్టు స్టీరింగ్, సీటు. ట్రాక్ డిజైన్‌ని కంప్యూటర్‌లో పెట్టి, హైదరాబాద్‌లో దిగకముందే ల్యాపులు కొడతారు. క్వాలిఫయింగ్‌లో మిచ్ ఎవాన్స్ పోల్ కొట్టాడు, రేస్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అంటే ప్రొఫెషనల్ డ్రైవర్‌కి ట్రాక్ కొత్తదైనా ఫర్లేదు, సామాను మాత్రం అలవాటైనదే చేతికిస్తారు. దానికి కోట్లు ఖర్చు పెడతారు. అదే మాల్‌లో క్వాలిఫయర్‌కి వచ్చిన కుర్రాడికి? సామానే కొత్తది ఇచ్చి, పది నిమిషాలు కూడా ఇవ్వకుండా స్టాప్‌వాచ్ నొక్కుతారు.

మన ఊళ్లలో బండలాగుడు పోటీలు చూశారు కదా. తిరునాళ్లకి, శివరాత్రికి, ఉగాదికి. ఎద్దుల జత రైతుది, పేరు పెట్టి, బిడ్డల్లా మేపినవి. కానీ బండ కమిటీది. నేల ఆ ఊరిది. అందరికీ అదే బండ, అదే టైం, ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. బండ అందరికీ ఒకటే కాబట్టి న్యాయంగా ఉంటుంది. కానీ ఎద్దులు కూడా కమిటీవే అయితే? "నీ ఎద్దుల్ని ఇంటి దగ్గర వదిలిరా, ఇక్కడ మేం ఇచ్చినవాటిని తోలు" అంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా?

ఒలింపిక్స్‌లో అచ్చంగా అలాంటి ఆట ఒకటి ఉండేది తెలుసా? మోడర్న్ పెంటాథ్లాన్. ఐదు ఆటలు కలిపి ఒక పోటీ, అందులో ఒకటి గుర్రపు స్వారీ. గుర్రం నీది కాదు, లాటరీలో వస్తుంది. అలవాటు పడటానికి 20 నిమిషాలు ఇస్తారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయి అన్నికా ష్లూ అప్పటిదాకా మొదటి స్థానంలో ఉంది. ఆమెకి సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అది దూకనని మొండికేసింది. ఆమె గుర్రం మీదే ఏడ్చేసింది, ప్రపంచమంతా చూసింది. చివరికి 31వ స్థానం. ఆ గొడవ తర్వాత ఆ సమాఖ్య గుర్రపు స్వారీనే తీసేసింది. 2024 పారిస్ దానికి ఆఖరు.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకి నేరుగా వస్తా. టాలెంటా, మెషిన్ తేడానా? ముందు మెషిన్ తేడా ఎంతుంటుందో చూద్దాం.

మొదటిది బ్రేకు. చవక పెడల్స్ నువ్వు పెడల్‌ని ఎంత దూరం నొక్కావో కొలుస్తాయి. ఖరీదైన వాటిలో లోడ్ సెల్ ఉంటుంది, అది ఎంత బలంతో నొక్కావో కొలుస్తుంది. దూరానికి అలవాటు పడ్డ కాలు లోడ్ సెల్ మీదకి వెళ్తే, పెడల్ కదలట్లేదేంటి అనిపిస్తుంది. సగం బ్రేకే పడుతుంది, కారు మలుపు దాటి పోతుంది. రెండోది స్టీరింగ్ బలం. లాజిటెక్ జి29 లాంటి గేర్లతో నడిచే స్టీరింగ్ రెండు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బలం ఇస్తుంది. ఈవెంట్లలో పెట్టే డైరెక్ట్ డ్రైవ్ స్టీరింగులు, అంటే మోటారు నేరుగా స్టీరింగ్‌కే బిగించి ఉన్నవి, ఎనిమిది నుంచి ఇరవై దాకా ఇస్తాయి. చేతులు నాలుగు ల్యాపులకే నొప్పి పుడతాయి. మూడోది స్క్రీన్. దూరం, సైజు మారితే వేగం అంచనా మారిపోతుంది. పెద్ద టీవీ అయితే నువ్వు తిప్పినదానికీ తెరమీద కనిపించినదానికీ మధ్య చిన్న ఆలస్యం. ఇవన్నీ కలిపితే రెండు సెకన్లు పోవడంలో వింతేం లేదు. కాబట్టి తమ్ముడూ, మెషిన్ తేడా నిజమే. నువ్వు సాకు చెప్పట్లేదు.

కానీ ఇంకో నిజం కూడా చెప్పాలి. అదే మెషిన్ మీద, అదే రోజు, ఎవరో ఒకరు క్వాలిఫై అయ్యారు. వాళ్లలో ఇద్దరు రకాలు ఉంటారు. ఒకడు ఇంట్లో అచ్చం అలాంటి మెషినే ఉన్నవాడు. వాడికి అది కొత్త కాదు. అందుకే "అందరికీ ఒకే మెషిన్, కాబట్టి న్యాయమే" అన్న మాట సగమే నిజం. మెషిన్ అందరికీ ఒకటే, అలవాటు ఒకటి కాదు. ఆ అలవాటుని డబ్బు కొంటుంది. మన దగ్గర మామూలు స్టీరింగ్ సెట్టే పాతిక, ముప్పై వేలు. డైరెక్ట్ డ్రైవ్, లోడ్ సెల్, సీటు అన్నీ కలిపితే లక్ష దాటుతుంది. నంద్యాలలో ఎంతమంది ఇళ్లలో ఉంటుంది?

రెండో రకం వాడు ఆసక్తికరమైనవాడు. సొంత మెషిన్ ఎప్పుడూ లేనివాడు. గేమింగ్ కేఫ్‌లో ఒకరోజు ఈ సీటు, ఇంకోరోజు ఆ సీటు, ఫ్రెండ్ ఇంట్లో ఒకటి, ఫోన్‌లో ఒకటి. ఆర్కేడ్ రోజుల్లో పిల్లల్లాగా. ప్రతిసారీ కొత్త సామానుకి అలవాటు పడటమే వాడి ప్రాక్టీస్. సొంత మెషిన్ లేకపోవడం అంతా నష్టం కాదు, అది ఒక రకం ట్రైనింగ్ కూడా. మెక్‌లారెన్ వాళ్లు ఏరి కోరి వెతికింది ఈ గుణాన్నే.

అలాగని తప్పంతా ఆటగాడి మీద వేసి వదిలేయకూడదు. మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. జేఈఈ మెయిన్ 2019 నుంచి బీటెక్ పేపర్ పూర్తిగా కంప్యూటర్ మీదకి మారింది. ఊళ్లలో చాలామందికి మౌస్ పట్టుకోవడమే కొత్త. ఫిజిక్స్ వచ్చి కూడా మౌస్ రాక మార్కులు పోతే ఎలా? అందుకే ఎన్‌టీఏ 2018లోనే దేశమంతా ప్రాక్టీస్ సెంటర్లు పెట్టి, మాక్ టెస్టులు రాసుకోనిచ్చింది. సామాను కొత్తదైనప్పుడు, దాన్ని ముందే తాకే అవకాశం ఇవ్వడం పోటీ పెట్టేవాళ్ల బాధ్యత అని ఒప్పుకున్నట్టే కదా.

సిమ్ రేసింగ్ ఈవెంట్లు పెట్టేవాళ్లని కూడా మనం అదే అడగాలి. మూడే మూడు విషయాలు. ఏ స్టీరింగ్, ఏ పెడల్స్ పెడుతున్నారో వారం ముందే చెప్పండి. టైం లెక్కపెట్టే ముందు కనీసం పది నిమిషాలు ప్రాక్టీస్ ఇవ్వండి. సీటు, పెడల్ దూరం, బ్రేక్ సెట్టింగ్ మార్చుకోనివ్వండి. పెంటాథ్లాన్ వాళ్లే ఇరవై నిమిషాలు ఇచ్చారు, అది కూడా చాల్లేదు.

మరి అప్పటిదాకా మనం ఏం చేయాలి? ఈవెంట్‌లో కూర్చున్నప్పుడు పనికొచ్చే పద్ధతి చెప్తా.

కూర్చోగానే స్టార్ట్ నొక్కొద్దు. ముందు సీటు సరిచేసుకో. బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. సిగ్గుపడకుండా అడుగు, "అన్నా, సీటు ముందుకి జరపొచ్చా?" అని. చాలామంది వెనక లైన్ చూసి మొహమాటపడి అడగరు.

తర్వాత కారు కదలకముందే బ్రేక్ తొక్కి, స్క్రీన్ మీద బ్రేక్ గీత ఎంత పైకి వెళ్తోందో చూడు. మొత్తం నిండాలంటే ఎంత బలం కావాలో కాలికి చెప్పు. ఈ పనికి పది సెకన్లు చాలు.

మొదటి ల్యాప్‌లో టైం గురించి మర్చిపో. ఇంట్లో 150 దగ్గర బ్రేక్ కొడితే ఇక్కడ 200 దగ్గర కొట్టు. తర్వాతి ల్యాప్‌లో కాస్త ముందుకి జరుపు. పాత టైంని మొదటి ల్యాప్‌లోనే కొట్టాలని చూస్తే గోడకి తగులుతావు. తగిలిన ప్రతిసారీ నీ పది నిమిషాల్లో ఒక నిమిషం పోతుంది.

టైం లెక్క మొదలయ్యాక ముందు ఒక సేఫ్ ల్యాప్ బోర్డు మీద పెట్టు. గొప్ప టైం కాకపోయినా పర్లేదు, చేతిలో ఒకటి ఉండాలి. దాని తర్వాతే రిస్క్.

అన్నిటికన్నా ముఖ్యంగా ఇంటి దగ్గర చేయాల్సింది ఒకటుంది. వారానికి ఒకరోజు కావాలనే అన్నీ మార్చి ఆడు. సీటు ఎత్తు మార్చు, బ్రేక్ సెట్టింగ్ మార్చు, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పెంచు, ఇంకొకరి ఇంట్లో ఆడు, కేఫ్‌లో వేరే సీటు తీసుకో. మార్చాక ఎన్ని ల్యాపుల్లో నీ మామూలు టైంకి దగ్గరవుతున్నావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. మొదట పదిహేను ల్యాపులు పట్టొచ్చు. అది ఐదుకి దిగిందంటే ఈవెంట్‌కి రెడీ అయినట్టు. మన దగ్గర ఎక్కువమంది బెస్ట్ టైం ఒక్కటే రాసుకుంటారు. అలవాటు పడే టైం ఎవరూ రాసుకోరు. లైవ్ ఈవెంట్ అడిగేది ఆ రెండో అంకెనే.

సో, ఆళ్లగడ్డ తమ్ముడూ, నువ్వు ఆరు నెలల్లో ఒక పరీక్షకి చదివావు, వాళ్లు ఇంకో పరీక్ష పెట్టారు. చదివింది వృథా కాలేదు, ట్రాక్ నీ తలలో అలాగే ఉంది. మిగిలిన సగం సిలబస్ ఇప్పుడు తెలిసింది కదా, వచ్చేసారి బస్సెక్కే ముందు దాన్ని కూడా పూర్తి చెయ్. ఈవెంట్ వాళ్లకి ఫోన్ చేసి ఏ పెడల్స్ పెడుతున్నారో అడుగు. అడగడం నీ హక్కు.

మీలో ఎవరైనా ఇలాంటి లైవ్ ఈవెంట్లకి వెళ్లుంటే, అక్కడ ప్రాక్టీస్‌కి ఎన్ని నిమిషాలు ఇచ్చారో కామెంట్లలో రాయండి. పది కామెంట్లు, ఇరవై కామెంట్లు ఒకచోట చేరితే, అదే రేపు నిర్వాహకులకి చూపించడానికి మన దగ్గరుండే లెక్క. వీడియో నచ్చితే ఒక ఫ్రెండ్‌కి పంపండి, ముఖ్యంగా "నా వల్ల కాదు" అని స్టీరింగ్ అమ్మేద్దామనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాడికి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.